ముక్క నీది.. లెక్క వాళ్లది!

* పోకర్ బల్ల ముందు ఒక రోజు.. ఎవరి డబ్బు ఎటు పోతుంది?
* గోవా ఓడ ఎక్కేముందు వేసుకోవాల్సిన లెక్క ఇదీ..

ఊరిగాం (కోలారు జిల్లా): మారికుప్పంలో బయల్దేరిన తెల్లవారుజాము రైలు ఛాంపియన్, ఊరిగాం, కోరమాండల్ దాటి బంగారుపేట చేరేసరికి బోగీల్లో కాలు పెట్టే చోటుండదు. సెక్యూరిటీ గార్డులు, షోరూం సేల్స్ పిల్లలు, కంపెనీ ఉద్యోగులు.. అందరి దారీ బెంగళూరే. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక ఇక్కడి ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నది ఈ రైలే. తాతలు షాఫ్టులో దిగి సంపాదించారు. మనవళ్లు రైలెక్కి సంపాదిస్తున్నారు.

రైల్లో రానూపోనూ గంటల ప్రయాణం. చేతిలో ఫోను. కొన్నేళ్లపాటు ఆ ఫోనులోనే రమ్మీ, పోకర్ ఆడే వీలుండేది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా లేకుండా డబ్బు కట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆ చట్టం పరిధిలోకి వచ్చాయి. పెద్ద కంపెనీలన్నీ డబ్బు ఆటలు ఆపేశాయి. ఫోనులో బల్ల మూతపడింది. కానీ ఓడలో బల్ల తెరిచే ఉంది. గోవాలో మాండోవి నది మీద నిలిచి ఉన్న కాసినో ఓడల్లో పగలూ రాత్రీ ఆట నడుస్తుంది. బెంగళూరులో సాయంత్రం బస్సెక్కితే తెల్లారేసరికి పణజి.

అక్కడి పోకర్ బల్ల ముందు ఒక రోజు కూర్చుంటే ఏమవుతుంది? అదృష్టం ఎంత, తెలివి ఎంత, ఓడ వాడి కోత ఎంత? ఆ లెక్క చూస్తే కోలారు, కుప్పం, వి.కోట, పలమనేరు వాళ్లకు పేకాట కొత్త కాకపోయినా, ఈ బల్ల మాత్రం కొత్తదేనని అర్థమవుతుంది.

పసిడి వేటా పందెమే

ఊరిగాం పుట్టిందే పందెం మీద. న్యూజిలాండ్ యుద్ధంలో పనిచేసి బెంగళూరు చేరిన ఐరిష్ మాజీ సైనికుడు మైకేల్ లవెల్లీ 1875లో మైసూరు ప్రభుత్వం నుంచి ఇక్కడ బంగారం తవ్వుకునే హక్కు సంపాదించాడు. చేతిలో డబ్బు చాలక ఆ హక్కును ఇతరులకు వదులుకున్నాడు. బెంగళూరులో లవెల్లీ రోడ్డు ఆయన పేరు మీదిదే. 1880 తర్వాత లండన్‌లో కంపెనీలు లేచాయి. మైసూరు, ఊరిగాం, నందిదుర్గం, ఛాంపియన్ రీఫ్.. ఒక్కో పేరు మీద వాటాలు అమ్మారు. నాలుగైదేళ్లు తవ్వినా బంగారం సరిగా తగల్లేదు. వాటాల ధర పాతాళానికి పడిపోయింది. మైసూరు కంపెనీ మూలధనం దాదాపు కరిగిపోయిన దశలో, మిగిలిన కాస్త సొమ్మూ పెట్టి తవ్వమని జాన్ టేలర్ సంస్థ ఒప్పించింది. 1880ల నడుమ కెప్టెన్ ప్లమ్మర్ బృందానికి ఛాంపియన్ పొర దొరికింది. ఆ తర్వాత నూట ఇరవై ఏళ్లలో ఈ నేల నుంచి 800 టన్నులకు పైగా బంగారం వెళ్లిపోయింది.

చివరి రూపాయి పెట్టి గెలిచిన కథ ఇది. పేకాట బల్ల దగ్గర అందరూ చెప్పుకొనేది ఇలాంటి కథే. కానీ ఆ కథలో ఇంకో సగం ఉంది. లండన్ వాటాదారు తన పెట్టుబడి వరకే పందెం కాశాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, రాతిపొరలు పేలినప్పుడు నలిగిపోయినవాడు కూలీ. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు పల్లెల నుంచి వచ్చిన అతనికి దక్కింది రోజు కూలి, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము. తొలినాళ్లలో టన్ను రాయికి 40 గ్రాముల పైన పలికిన బంగారం చివర్లో 3 గ్రాముల దగ్గరికి పడిపోయింది. తీసే ఖర్చు వచ్చే బంగారం కంటే ఎక్కువైంది. గని మూసేశారు. ఆట ఎప్పుడు ఆపాలో లెక్క తెలిసినవాడు చెబుతాడు. బల్ల ముందు కూర్చున్నవాడికి ఆ లెక్క చెప్పేవాడుండడు.

మూడు ముక్కలాట కాదిది

మన వైపు పండగపూట ఆడే మూడు ముక్కలాటలోనూ ‘బ్లైండ్’ ఉంది. ముక్కలు చూడకుండా పందెం కాయడం అక్కడ దాని అర్థం. పోకర్‌లో బ్లైండ్ వేరు. ముక్కలు పంచకముందే ఇద్దరు వంతులవారీగా బల్ల మీద పెట్టాల్సిన కట్టుబడి సొమ్ము అది. ఒకరిది చిన్న బ్లైండ్, పక్కవాడిది పెద్ద బ్లైండ్. ప్రతి ఆటకూ ఈ వంతు ఒక్కో కుర్చీ జరుగుతుంది. తప్పించుకొనే దారి లేదు.

కాసినోల్లో ఎక్కువగా ఆడేది ‘టెక్సస్ హోల్డెమ్’. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు బోర్లించి ఇస్తారు. బల్ల మధ్యలో అయిదు ముక్కలు తెరుస్తారు.. ముందు మూడు, తర్వాత ఒకటి, చివరికి ఇంకొకటి. అవి అందరివీ. చేతిలోని రెండు, బల్ల మీది అయిదు.. మొత్తం ఏడింటిలో మంచి అయిదు ముక్కలు ఎవరికి కుదిరితే కుప్ప వాళ్లది. నడుమ నాలుగుసార్లు పందెం పెంచుకోవచ్చు. భయపడి మిగతావాళ్లు ముక్కలు పారేస్తే, చేతిలో ఏమీ లేకపోయినా కుప్ప దక్కుతుంది. అందర్-బాహర్‌లో ఈ అవకాశం లేదు. అక్కడ ముక్క ఎటు పడితే అటే. ఇక్కడ ఎదుటివాడి ముఖం, పందెం పెంచిన తీరు, గతంలో ఎలా ఆడాడో జ్ఞాపకం.. అన్నీ పనికొస్తాయి.

‘క్యాష్ గేమ్’ అంటే టోర్నమెంటు కాదు. ముందు ఉన్న చిప్ ప్రతిదీ అంత విలువైన నోటే. ఎప్పుడైనా కూర్చోవచ్చు, ఎప్పుడైనా లేవొచ్చు. అయిపోతే మళ్లీ కొనుక్కోవచ్చు. వినడానికి ఇది సౌకర్యం. అసలు చిక్కూ ఇదే. టోర్నమెంటులో ఓడితే ఆటే బయటికి పంపేస్తుంది. క్యాష్ గేములో తనను తానే లేపుకోవాలి.

ఉదయం 11 నుంచి రాత్రి 9 దాకా

ఊరిగాం కుర్రాడొకడు ఒక నెల జీతంలాంటి 20 వేలతో ఓడ ఎక్కాడనుకుందాం. కథ ఊహే గానీ, లెక్కలు మాత్రం నిజమైనవి.

ఉదయం 11: జెట్టీ దగ్గర గుర్తింపు కార్డు చూపాలి. 21 ఏళ్లు నిండాలి. ప్రవేశ రుసుము కట్టి చిన్న పడవలో ఓడ చేరాలి. లోపల తిండి, పాటలు, దీపాలు. ఎండా వానా తెలియని గది.

మధ్యాహ్నం 12: తొమ్మిది మంది బల్ల. చిన్న బ్లైండ్ 100, పెద్దది 200 అనుకుందాం. 20 వేలకు చిప్స్ తీసుకున్నాడు. గంటకు పాతిక ఆటలు నడుస్తాయి. తొమ్మిది ఆటలకోసారి బ్లైండ్ల వంతు వచ్చి 300 పెట్టాలి. అంటే ఒక్క ముక్క ఆడకుండా ఊరికే కూర్చున్నా గంటకు 800 దాకా కరుగుతుంది.

సాయంత్రం 4: మంచి ముక్కల కోసం ఎదురుచూపు. చేతిలో ఏదో ఒక జత పడే అవకాశం 17 ఆటల్లో ఒకసారి. రెండు ఆసులు పడేది 221 ఆటల్లో ఒకసారి. గంటకు పాతిక చొప్పున పది గంటలాడితే 250 ఆటలు. అంటే రోజంతా కూర్చుంటే ఆసుల జత ఇంచుమించు ఒక్కసారి కనిపిస్తుంది. అది కూడా గెలుస్తుందని రాత లేదు. కుర్రాడి ముందు 14 వేలు మిగిలాయి.

రాత్రి 7: రెండు కుప్పలు కలిసొచ్చాయి. 26 వేలు. ఇక్కడే లేస్తే 6 వేలు లాభం. బస్సు, ప్రవేశం, టిప్పులు తీసేస్తే ఏం మిగులుతుందన్నది వేరే సంగతి. లేవడు. ఆట ఇప్పుడే చేతికొచ్చిందనిపిస్తుంది.

రాత్రి 8.30: చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు. పందెం పెంచాడు. ఒక్కడే నిలబడ్డాడు. బల్ల మీద మూడు ముక్కలు తెరిచారు.. ఆఠీను రాజు, ఆఠీను తొమ్మిది, కళావరు నాలుగు. కుర్రాడికి రాజుల జత, తోడు ఆసు. బాగా ఆడాడు. పందెం కాశాడు, ఎదుటివాడు పెంచితే ఉన్నదంతా తోశాడు. ఎదుటివాడు సరేనని ముక్కలు తిప్పాడు.. ఆఠీను ఏడు, ఆరు. అంటే మరొక్క ఆఠీను పడాలి, పడితే రంగు కలిసిపోతుంది.

లెక్క చూస్తే కుర్రాడే ముందున్నాడు. మిగిలిన 45 ముక్కల్లో ఆఠీన్లు తొమ్మిది. రెండు ముక్కల్లో ఒక్క ఆఠీనూ పడకుండా ఉండే అవకాశం నూటికి 64. ఇలాంటి ఆట వందసార్లు ఆడితే కుర్రాడు ఎక్కువసార్లు గెలుస్తాడు. కానీ ఆడేది వందసార్లు కాదు, ఒక్కసారి. నాలుగో ముక్క డైమన్ రెండు. అయిదోది ఆఠీను మూడు. 52 వేల కుప్ప అవతలికి జరిగింది.

తప్పేమీ చేయలేదు. అయినా జేబు ఖాళీ. పోకర్‌లో నైపుణ్యం నిజమే. కానీ అది బయటపడటానికి వేల ఆటలు కావాలి. 250 ఆటల రోజులో గెలిచినవాడు తన తెలివి అనుకుంటాడు, ఓడినవాడు తన ఖర్మ అనుకుంటాడు. రెండూ తప్పు కావచ్చు.

రాత్రి 9: ‘మళ్లీ కొంటారా?’ అన్న ప్రశ్న. ఆ రోజు మొత్తంలో కుర్రాడి చేతిలో పూర్తిగా ఉన్న నిర్ణయం ఇదొక్కటే. మొదటి 20 వేలు ఆట కోసం తెచ్చుకున్నవి. రెండో 20 వేలు ఇంటి అద్దె, పిల్లల ఫీజు, అమ్మ మందుల డబ్బు. ముక్కలకు ఆ తేడా తెలియదు.

కోత ఎక్కడ?

కాసినోలో మిగతా ఆటల్లో ఓడ వాడే ఎదుటి పక్షం. పోకర్‌లో అలా కాదు. ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఆడుకుంటారు. ఓడ వాడికి ఎవరు గెలిచినా ఒకటే. ప్రతి కుప్ప నుంచి ఇంత శాతమని, ఒక హద్దు వరకూ తీసుకుంటాడు. దీన్నే ‘రేక్’ అంటారు. కోత అని మన మాటల్లో చెప్పుకోవచ్చు.

ఉదాహరణకు తొమ్మిది మంది తలా 20 వేలతో కూర్చున్నారు. బల్ల మీద మొత్తం లక్షా 80 వేలు. కుప్పకు సగటున 200 కోత అనుకుంటే, గంటకు పాతిక ఆటలకు 5 వేలు. పది గంటలకు 50 వేలు. సాయంత్రానికి తొమ్మిది మందికీ కలిపి మిగిలింది లక్షా 30 వేలే. అందరూ సమానంగా ఆడినా తలా 5,500 పైన పోయినట్టే. ఒకడు 20 వేలు గెలవాలంటే మిగతా ఎనిమిది మంది కలిసి 70 వేలు పోగొట్టుకోవాలి. అందుకే ఈ బల్ల దగ్గర పక్కవాడి కంటే కాస్త మెరుగ్గా ఆడితే చాలదు. కోతను కూడా దాటేంత మెరుగ్గా ఆడాలి.

ఆ పైన పన్నులు. పేకాటల్లో గెలిచిన సొమ్ము మీద ఆదాయ పన్ను 30 శాతం, దాని మీద సెస్సు. నిన్న పోయింది, ఇవాళ వచ్చింది కాబట్టి చెల్లు వేస్తామంటే చట్టం ఒప్పుకోదు. కాసినోలకు జీఎస్టీ 2023 అక్టోబరు 1 నుంచి చిప్స్‌కు చెల్లించిన పూర్తి మొత్తం మీద 28 శాతం అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. ఎవరు ఏ రూపంలో కట్టినా చివరికి వచ్చేది ఆడేవాడి జేబులోంచే.

సికింద్రాబాద్ నుంచి వచ్చిన తీర్పు

డబ్బు పెట్టి ఆడే పేకాట నేరమా, కాదా అన్న చర్చకు దేశం మొత్తం చూసేది ఒక తెలుగు కేసునే. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల రమ్మీ నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె.సత్యనారాయణ పేరిట కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 1967లో జస్టిస్ హిదయతుల్లా ధర్మాసనం తీర్పు చెప్పింది. రమ్మీలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట. మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టం.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. క్లబ్బు కుర్చీకీ, పేక కట్టకూ మామూలు రుసుము తీసుకుంటే ఫర్వాలేదు. ఆట మీదే లాభం గుంజుతుంటే అది నేరం కిందికి రావచ్చు. అంటే కోర్టు చూసింది ముక్కలనే కాదు, కోతను కూడా.

పోకర్ దగ్గర రాష్ట్రానికో మాట. నైపుణ్యంతో ఆడే పోకర్‌కు పోలీసు లైసెన్సు అక్కర్లేదని 2013లో కర్ణాటక హైకోర్టు చెప్పింది. పోకర్ జూదమేనని 2017లో గుజరాత్ హైకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను మూసేసింది. కర్ణాటక 2021లో అలాంటి చట్టమే తెస్తే 2022 ఫిబ్రవరిలో హైకోర్టు అందులోని కీలక నిబంధనలను కొట్టేసింది. వి.కోట నుంచి ఊరిగాం వచ్చేలోగా చట్టం మారిపోతుంది. సరిహద్దు ఇవతల తప్పు కానిది అవతల తప్పు కావచ్చు. ‘అక్కడ ఆడారు, ఏం కాలేదు’ అన్న మాట నమ్మి కూర్చుంటే కేసు పాలు కావాల్సి వస్తుంది.

గోవాది ఇంకో దారి. 1976 నాటి జూద నిరోధక చట్టానికి 1990ల్లో సవరణలు చేసి ముందు పెద్ద హోటళ్లలో యంత్రాలకు, తర్వాత నీటి మీద ఓడలకు అనుమతినిచ్చింది. ఒక్క విషయం మాత్రం సరిహద్దు ఇళ్లలో చెప్పుకోవాల్సిందే. 2020 ఫిబ్రవరి నుంచి కాసినోల్లో ఆడేందుకు గోవా వాసులకు ప్రవేశం లేదు. ఆ ప్రభుత్వం ఓడల నుంచి ఆదాయం తీసుకుంటుంది. సొంత జనాన్ని మాత్రం ఆ బల్ల దగ్గరికి రానివ్వదు. అక్కడ కూర్చోవాల్సింది బయటివాళ్లే. అంటే మనమే.

ఇంటికొచ్చే లెక్క

పేకాటలో పోయిన డబ్బు బల్ల దగ్గర కనిపించదు. ఇంట్లో కనిపిస్తుంది. ముందు పొదుపు, తర్వాత అక్క నగ, ఆ తర్వాత ఫోనులో అప్పిచ్చే యాప్. పోయింది రాబట్టుకోవాలని ఆడేదే అన్నిటికన్నా ఖరీదైన ఆట. ఎందుకంటే అది ముక్కలు చూసి ఆడేది కాదు, అప్పు చూసి ఆడేది. ఆపుకోలేని స్థితికి చేరిన జూదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో చేర్చింది. అంటే తిట్టి, కొట్టి మాన్పించేది కాదు, వైద్యం అవసరమైనది.

సాయం దగ్గరలోనే ఉంది. ఊరిగాం రైలు వెళ్లే బెంగళూరులోనే నిమ్హాన్స్ ఉంది. ఫోన్లు, ఆన్‌లైన్ ఆటలకు బానిసలైన వారి కోసం అక్కడ 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు, కన్నడలో మాట్లాడొచ్చు. ఆడేవాడే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లూ చేయొచ్చు.

సరదాగా ఒక్కసారి చూసొద్దామనుకొనేవాళ్లకు పాత పేకాటరాయుళ్లు పాటించే పద్ధతే మేలు. పోయినా ఫర్వాలేదనుకొన్న మొత్తమే జేబులో పెట్టుకోవాలి. కార్డు, ఫోను తోడొచ్చిన మనిషి దగ్గర ఉంచాలి. లేచే వేళ ముందే చెప్పుకోవాలి. ఆ వేళకు గెలుస్తున్నా లేవాలి, ఓడుతున్నా లేవాలి. అప్పు చేసి ఆడే మొదటి రూపాయితోనే సరదా అయిపోయినట్టు.

మర్నాడు పొద్దున బెంగళూరులో బస్సు దిగిన కుర్రాడు, అటు నుంచి ఊరిగాం రైలు పట్టుకుంటాడు. స్టేషన్ దాటితే ఊరంతా కనిపించేవి సయనైడు దిబ్బలే. బంగారం తీసుకుపోయాక మిగిలిన రాతి పొడి అది. గాలి వీస్తే ఇప్పటికీ ఇళ్లలోకి వస్తుంది. బంగారం ఎటు పోయిందో, దుమ్ము ఎవరికి మిగిలిందో ఊరిగాంలో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.